ఫొటో వంకర తీర్చిన అట్ట, రేకు, అద్దం

పాత పెళ్లి ఆల్బమ్‌లోంచి ఒక నలుపు-తెలుపు ఫొటో తీసి కాస్త వాలుగా వెలుతురుకు పట్టండి, తళతళా మెరుస్తుంది. ఆ మెరుపు డార్క్‌రూమ్‌లో అందరికంటే చివర పని అందుకున్నవాడి చలవ, అంటే ప్రింటును ఆరబెట్టినవాడిది. ఫొటోగ్రఫీ చరిత్ర రాసేవాళ్లు లెన్సుల గురించి, రసాయనాల గురించి పేజీలకు పేజీలు నింపుతారు గాని, ఆరబెట్టడం దగ్గరికొచ్చేసరికి ఒక్క ముక్కతో సరిపెడతారు. నిజానికి ఒట్టి కాగితం మీది ఫొటో తనంతట తాను ఏనాడూ చదునుగా నిలవలేదు. దేనికో ఒకదానికి అతికించి పెడితేనే మాట విన్నది.

1850లో ఫ్రాన్సుకు చెందిన బ్లాంకార్ ఎవ్రార్ కోడిగుడ్డు తెల్లసొన పూసిన ఆల్బుమెన్ పేపరును లోకానికి పరిచయం చేశాడు. కాగితం బాగా పల్చన, ఆరగానే చుట్టుకుపోయేది. అందుకని గంజి జిగురు రాసి దళసరి అట్టకు అంటించేవాళ్లు. సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరు, ఆ కాలంవాడే. ఆయన ఆల్బుమెన్ ప్రింట్లు కూడా అట్టల మీదే కనిపిస్తాయి. ఆనాటి అట్టల మీద స్టూడియో పేరు, అలంకారాలు చూసి మనం దర్పం అనుకుంటాం. అవసరం ముందు, దర్పం ఆ తర్వాత.

1880ల నుంచి జిలెటిన్ పేపర్లు వచ్చాయి. కాగితం మీద బెరైటా అనే తెల్లటి ఖనిజపు పూత, దానిమీద వెండి లవణాలు కలిపిన జిలెటిన్ పొర. నీళ్లలో కాగితమూ ఉబ్బుతుంది, జిలెటిన్ ఇంకా ఎక్కువ ఉబ్బుతుంది. ఆరేటప్పుడు జిలెటిన్ గట్టిగా కుంచించుకుని కాగితాన్ని తనవైపు లాగుతుంది. పైగా నడిమి భాగం తడిగా ఉండగానే అంచులు ఆరిపోతాయి. ఎండలో పెట్టిన అప్పడం వంకర్లు తిరిగినట్టే ప్రింటూ తిరుగుతుంది.

దీనికి స్టూడియోలు కనిపెట్టిన ఉపాయం రేకు. మొదట్లో నల్ల వార్నిషు పూసిన ఇనుప రేకు, తర్వాత క్రోమియం పూత వేసినది. కడిగిన ప్రింటును బొమ్మవైపు రేకుకు ఆనించి, పైన రోలరు తిప్పి నీళ్లు, గాలి వెళ్లగొట్టేవాళ్లు. గ్లేజింగ్ మిషన్‌లో అయితే కింద కరెంటు వేడి, పైన బిగించిన గుడ్డ. పూర్తిగా ఆరాక ప్రింటు టప్‌మని దానంతటదే ఊడి వచ్చేది. రేకు నునుపంతా జిలెటిన్‌కు దిగేది. లోపల ఒక్క గాలిబుడగ మిగిలినా అక్కడ మచ్చ. బొమ్మను నిలిపే రసాయనం హైపో పూర్తిగా పోయేలా కడగని ప్రింటు వేస్తే మిషన్ గుడ్డకూ అది అంటుకుని, తర్వాత వచ్చే ప్రింట్లన్నిటికీ చేటు. మిషన్ లేనివాళ్లు శుభ్రమైన అద్దానికి టాల్కు రుద్ది దానిమీద అతికించేవాళ్లు.

1970ల నుంచి రెండు వైపులా ప్లాస్టిక్ పూత వేసిన పేపరు వ్యాపించింది. నీరు కాగితంలోకి దిగదు, కడగడం నిమిషాల్లో ముగుస్తుంది, తీగకు తగిలిస్తే తిన్నగా ఆరుతుంది. స్టూడియోలకు అంతకంటే ఏం కావాలి? అయినా కాగితపు ప్రింటు మీది మమకారం కొందరికి పోలేదు. నా మట్టుకు నాకు, చేతిలో పట్టుకున్నప్పుడు ప్లాస్టిక్ పేపరు ఫొటో అనిపించదు, ఫొటో నకలు అనిపిస్తుంది.

అలాంటి ప్రింట్లను ఇంట్లో ఆరబెట్టేవాళ్లలో కొందరు ఇప్పటికీ నమ్ముకునేది అద్దాన్నే, కాకపోతే ప్రింటును తిరగేసి. బాగా కడిగిన ప్రింటును నీళ్లోడ్చి, బొమ్మ పైకి ఉండేలా, దానికంటే పెద్ద అద్దం మీద పరుస్తారు. తడిపితే అంటుకునే గోధుమరంగు జిగురు కాగితం టేపును నాలుగు పక్కలా వేస్తారు, సగం తెల్ల అంచు మీద, సగం అద్దం మీద. సెల్లో టేపు తడి మీద నిలవదు. ఇక ఫ్యాను ఆపేయాలి. గబగబా ఆరితే ఆ బిగువుకు టేపు ఊడుతుంది, లేదా ప్రింటే చిరుగుతుంది. రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి అలలు, మడతలు మాయమై ప్రింటు బిర్రుగా నిలుస్తుంది. బ్లేడుతో అంచు కోసి తీసుకోవడమే. కోతకు పోతుందని తెలుసు కాబట్టి అనుభవం ఉన్నవాళ్లు ముందే వెడల్పాటి అంచు వదిలి ప్రింటు వేస్తారు. అంత ఓపిక లేనివాళ్లు నైలాను జాలీ మీద ఆరబెట్టి, తర్వాత బరువైన పుస్తకాల కింద కొన్ని రోజులు అణచిపెడతారు. అప్పటికీ కొంచెం వంపు మిగులుతుంది. వానాకాలంలో తడి పూర్తిగా పోకముందే పుస్తకాల కింద పెట్టారో, జిలెటిన్ పై కాగితానికి అతుక్కుని ఊడి రాదు.

బీరువాలో గొట్టంలా చుట్టుకుపోయిన పాత ఫొటో దొరికితే మాత్రం చేత్తో విప్పబోకండి, ఎండిన జిలెటిన్ పెళుసుగా పగులుతుంది. పరిరక్షకులు దాన్ని గాలిలోని తేమకే మెల్లగా మెత్తబడనిచ్చి, అద్దుడు కాగితాల మధ్య బరువు కింద ఉంచుతారు. నీళ్లలో ముంచితే వంకర సడలవచ్చేమో గాని, రేకు మీద తెచ్చిన మెరుపు పోతుంది. తిరిగి తేవాలంటే మళ్లీ రేకుకో అద్దానికో అతికించాలి.