బచ్చాలు, కుడుములు, జపానువారి మోచీ

జపానువారి దైఫుకు గురించి ఈమధ్య చదువుతూండగా సి.బెళగల్‌లో మా అవ్వ వినాయక చవితికి ఆవిరిమీద ఉడికించిన పూర్ణం కుడుములు గుర్తుకువచ్చాయి. అక్కడ బంకబియ్యాన్ని దంచి చేసిన మోచీ ముద్దలో అజుకి గింజల తీపిముద్ద. ఇక్కడ బియ్యప్పిండిలో శెనగపప్పూ బెల్లమూ. అజుకి మన పెసలకూ మినుములకూ దాయాదియే. బంకబియ్యంలో అమైలోజు దాదాపు ఉండదు కనుక మోచీ సాగుతుంది. మన పిండి సాగదు. అంచు చిట్లి పూర్ణం బయటపడుతుంది. చిట్లినవి పిల్లల పాలు. (కొన్నిటిని మేమే చిట్లించేవాళ్ళమని అవ్వకు తెలుసు.)

అయితే మా సీమ పండుగ వంట కుడుము కాదు, బచ్చం. గ్రంథభాషలో భక్ష్యం. ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఓళిగ అనీ అంటారు. ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1 వరకు బళ్ళారి జిల్లాలోనిదే కదా!

ఈ బచ్చం ప్రాచీనతకు అంతర్జాలంలో ఒక విచిత్రమైన ఆధారం చూపుతున్నారు: ‘మనుచరిత్ర అనే పద్నాలుగవ శతాబ్దపు తెలుగు విజ్ఞానసర్వస్వం’లో దీని వివరం ఉన్నదట! మనుచరిత్ర విజ్ఞానసర్వస్వమూ కాదు, పద్నాలుగవ శతాబ్దిదీ కాదు. 1509 నుండి 1529 వరకు ఏలిన కృష్ణదేవరాయలకు పెద్దన అంకితమిచ్చిన ప్రబంధమది. ఒకరు వ్రాసినది పదిమంది ఎత్తివ్రాస్తే మన చరిత్ర ఇలాగే తయారవుతుంది. తెలుగువాళ్ళమే దీన్ని దిద్దకపోతే ఇంకెవరు దిద్దుతారు?

గట్టి ఆధారం కావలసినవారు పశ్చిమానికి చూడాలి. కల్యాణి చాళుక్యుడు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో కూర్చిన సంస్కృత గ్రంథం మానసోల్లాసంలో, అన్నభోగమనే భాగంలో, మండకలతోపాటు పోళికలు కనిపిస్తాయి. పోళి, హోళిగె, ఓళిగ అని వరుసగా పలికి చూడండి. పదాది పకారం హకారం కావడం కన్నడంలో ప్రసిద్ధమైన మార్పు. ఆ హకారమూ మనవారి నోట జారిపోయింది. కనుక ఆ మార్పు జరిగిన తరువాతనే ఈ మాట మన వైపుకు దాటివచ్చిందని నా ఊహ. వంట అంతకుముందే ఉండవచ్చు. మాటను బట్టి వంట వయస్సు తేల్చలేము.

జపానులో చక్కెర చాలాకాలం అపురూపం. 18వ శతాబ్దిలో షోగన్ యొషిమునె చెరకుసాగును ప్రోత్సహించాడు. దైఫుకు ఎదో నగరంలో ప్రచారంలోకి వచ్చింది ఆ శతాబ్ది చివరనే. మాకు బెల్లానికి అంత కరువు లేదు. జొన్నరొట్టె, కొర్రన్నం తినే ఇళ్ళలో అపురూపమైనది బియ్యం. అందుకే అవ్వ బచ్చాలు అడిగినన్ని వేసేది, కుడుములు మాత్రం లెక్కపెట్టి ఇచ్చేది. పప్పు వార్చిన నీళ్ళతో కాచిన బచ్చాల చారు మరునాటికి ఇంకా రుచి. దానికి లెక్క లేదు.