మూగజీవుల కోసం మూడు శాసనాలు

మన భాషలో ‘శాసనం’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. శిలపై చెక్కించిన రాజాజ్ఞ ఒకటి, చట్టసభ చేసిన చట్టం మరొకటి. మూగజీవుల కొరకు వెలువడిన మూడు శాసనాలను ఈ వార్షికోత్సవ శుభవేళ మీకు గుర్తు చేయదలచాను.

మొదటిది కర్నూలు జిల్లా ఎర్రగుడి కొండరాళ్లపై ఉన్నది. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దిలో అశోక చక్రవర్తి అక్కడ 14 ధర్మశాసనాలు చెక్కించాడు. యజ్ఞార్థం ప్రాణిని వధించరాదని వాటిలో మొదటిది చెబుతుంది. రాజుగారి వంటశాలలో ఇంకా రెండు నెమళ్లను, అప్పుడప్పుడు ఒక జింకను చంపుతున్నారనీ, మున్ముందు అదీ ఆగుతుందనీ దాచకుండా ఒప్పుకొంటుంది. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేసినట్లు రెండవది తెలుపుతుంది. వైద్యురాలినైన నాకు అది మరీ ఇష్టం.

రెండవ శాసనం 1950లో నాటి మద్రాసు రాష్ట్రం చేసిన జంతు, పక్షి బలుల నిషేధ చట్టం. ఆలయాల్లో, వాటి ప్రాంగణాల్లో బలులను అది నిషేధించింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పటికి ఆ రాష్ట్రంలోనివే. తమిళనాడు 2004లో దానిని రద్దు చేసుకున్నా, ఆంధ్రలో అది కొనసాగింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల నుండి మన పెద్దలు మలయాలోని రబ్బరు, కొబ్బరి తోటలకు వచ్చినది అంతకు ముందే. తోటకూలీల వలసను భారత ప్రభుత్వం 1938లోనే నిలిపివేసింది. వారు రామభజననూ, గ్రామదేవత కొలుపునూ వెంట తెచ్చుకున్నారు; కోడినీ మేకనూ సమర్పించే మొక్కూ దానితోనే వచ్చింది. తరువాత పుట్టిన 1950 నాటి శాసనం మాత్రం సముద్రం దాటి రాలేదు. మందులు అందని రోజుల్లో మశూచికీ కలరాకూ భయపడి అమ్మవారికి మొక్కుకున్న తల్లులను నేను తప్పుపట్టను. అయితే వారి మనుమలకు టీకాలు అందాయి. ఆ భయం తొలగిపోయింది. భయం పోయిన తరువాత కూడా బలి ఎందుకు మిగలాలి?

మూడవ శాసనం మనం నివసిస్తున్న ఈ దేశానిది. 1953 నాటి జంతు చట్టం కింద క్రూరత్వానికి జరిమానా చాలాకాలం 200 రింగిట్లకు మించలేదు. 2013 సవరణ దానిని 50,000కు పెంచింది. ఆపైన 2015లో జంతు సంక్షేమ చట్టం వచ్చి, 2017లో అమలులోకి వచ్చింది. ఇప్పుడు క్రూరత్వానికి 20,000 నుండి 1,00,000 రింగిట్ల వరకు జరిమానా, లేదా మూడేళ్ల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. జరిమానా కన్న ముఖ్యమైన మార్పు మరొకటుంది. తగిన చోటు, ఆహారం, సహజంగా మెలగే వీలు, నొప్పి నుండీ గాయం నుండీ వ్యాధి నుండీ రక్షణ కల్పించడం యజమాని విధి అని ఈ చట్టం నిర్దేశించింది. కొట్టకుండా ఉండటం చాలదు, అవసరం తీర్చాలి.

ఇది మన ఆలయాలకూ వర్తించే మాట. గోపూజకు తెచ్చిన ఆవు ఎండలో సిమెంటు నేలపై గంటల తరబడి నిలబడి ఉంటే, పసుపు కుంకుమలు దాని దాహం తీర్చవు. పూలదండకు ముందు నీడ, నీళ్లు, అవసరమైతే పశువైద్యుడు కావాలి. బలి విషయంలో మన పెద్దలే మార్గం చూపారు: గుమ్మడికాయకు కుంకుమ అద్ది కొట్టే ఆచారం మన ఇళ్లలో ఎప్పటినుండో ఉన్నదే.

చట్టం వచ్చి ఆజ్ఞాపించే వరకు ఆగనక్కరలేదు. ప్రాంగణంలో ప్రాణిబలి ఉండదనీ, పూజకు తెచ్చిన ప్రతి జీవి బాగోగులకు ఒకరు బాధ్యులనీ ఆలయ కార్యవర్గాలు తీర్మానించి, మినిట్స్ పుస్తకంలో రాసుకుంటే చాలు. అశోకుడు తన వంటశాలలో మిగిలిన లోపాన్ని రాతిపైనే రాయించాడు. మన ఆలయాల్లో మిగిలిన లోపాన్ని కాగితంపైనైనా ఒప్పుకుందాం. సరిదిద్దుకోవడం అక్కడి నుండే మొదలవుతుంది.