ఒడ్డు మారితే త్రిభుజం పేరు మారేది

మనలో భద్రాచలం వెళ్ళనివారు తక్కువ. శ్రీరామనవమి తలంబ్రాల కోసమో, ముక్కోటికి తెప్పోత్సవం చూడాలనో ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళే ఉంటారు. బస్సు సారపాక దాటి వంతెన ఎక్కగానే సంచీలో చిల్లర వెతుక్కొని, గోదారమ్మకు విసిరి దణ్ణం పెట్టుకొంటాం. ఆ రెండు నిమిషాల్లో ఒకప్పటి రెండు రాజ్యాల సరిహద్దు దాటేశామన్న సంగతి ఎవరికి తడుతుంది చెప్పండి?

ఆ వంతెన 1965లో వచ్చింది. అంతకు ముందు పడవే గతి. ఇవతల బూర్గంపాడు వైపు నైజాం రాజ్యం, అవతల భద్రాచలం వైపు ఇంగ్లీషువాళ్ళ ఏలుబడి. 1860లో నైజాం చేతిలోంచి వాళ్ళకు దక్కిన ఆ అడవి తాలూకాను మొదట నాగపూరు రాజధానిగా ఉండే మధ్యపరగణాల్లో కలిపారు. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీకి, గోదావరి జిల్లాకు మార్చారు. చివరికి 1959లో ఖమ్మం జిల్లాకు ఇచ్చారు. సరిహద్దు అనగానే పెద్దలు సుంకాలూ, హాలీ సిక్కా రూపాయలూ అంటూ రాస్తారు గానీ, నాకు మాత్రం ఆ రెండు ఒడ్డుల్లోనూ బడి పిల్లల చేతిలో ఉండిన సైన్సు పుస్తకం మీదే ధ్యాస. కారణం మా ఇంట్లోనే ఉంది.

మా మామగారిది ఖమ్మం వైపు. నైజాం కాలంలో హైస్కూలు చదువు. మా అత్తగారిది అవతలి ఒడ్డు. లాంచీలో రాజమండ్రి వెళ్ళి, మేనమామగారింట ఉండి థర్డు ఫారం దాకా చదువుకొన్నారు. పిల్లలకు లెక్కలు చెప్పవలసి వచ్చినప్పుడల్లా ఇంట్లో చిన్న యుద్ధం. ఆవిడ త్రిభుజం అంటే ఆయన "ముసల్లస్" అనేవారు. కోణం ఆయనకు "జావియా", సరళరేఖ "ఖత్". వృక్షశాస్త్రం "నబాతాత్", జంతుశాస్త్రం "హైవానాత్". రసాయనశాస్త్రాన్ని "కీమియా" అంటూంటే అత్తగారు, "ఆ పేరుతో ఏదో కూర వండుకోవచ్చు" అని నవ్వేవారు. పాపం, ఆయనకు సైన్సు బాగా వచ్చు. కాని తెలిసినదాన్ని తన పిల్లలకు తన భాషలో చెప్పడానికి మాట దొరికేది కాదు.

ఈ ఉర్దూ మాటల వెనక పెద్ద ప్రయత్నమే ఉంది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టే ముందు, 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టి పండితుల చేత శాస్త్ర గ్రంథాలన్నీ ఉర్దూలోకి తెప్పించారు. ఆ పనిని ఊరికే తీసిపారెయ్యలేం. మన దేశభాషలో డిగ్రీ దాకా సైన్సు చెప్పవచ్చునని చేసి చూపించారు కదా! చిక్కల్లా ఎక్కడంటే, ఆ రాజ్యంలో ఎక్కువమంది పిల్లలకు అది ఇంటి భాష కాదు.

విచిత్రమేమంటే, తెలుగులో సైన్సు పుస్తకాలు అచ్చువేయాలని ఒక సంఘంగా పూనుకొన్నదీ ఆ నైజాంగారి హైదరాబాదులోనే, అదీ ఉస్మానియాకు పన్నెండేళ్ళ ముందు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మొదలైనవారు విజ్ఞానచంద్రికా మండలి పెట్టారు. లక్ష్మణరావుగారిది పెనుగంచిప్రోలు. ఖమ్మం పక్కనుంచి పారే మున్నేరే ఆ ఊరికీ వెళుతుంది. ఆయన అక్కగారే బండారు అచ్చమాంబ. తెలుగులో తొలి కథలు రాసిన స్త్రీగా, అబలా సచ్చరిత్ర రత్నమాల కర్త్రిగా ఆమె పేరు మీరు వినే ఉంటారు. ఆమె ఏ బడికీ వెళ్ళలేదు. నాగపూరులో తమ్ముణ్ణి తన ఇంట ఉంచుకొని చదివించింది, తమ్ముడి పుస్తకాలతో తానూ చదువుకొంది. 1905లో, ముప్ఫై ఏళ్ళు దాటీ దాటకుండానే పోయింది. మరుసటి ఏడే తమ్ముడు మండలి పెట్టాడు. రెంటికీ ముడి వెయ్యడానికి నా దగ్గర దస్తావేజు లేదు గానీ, బడి మొహం చూడని అక్క ఎంత చదవగలదో కళ్ళారా చూసినవాడికి తెలుగులో శాస్త్రం రాయించాలని తోచడంలో ఆశ్చర్యం లేదనిపిస్తుంది.

మండలి చరిత్రలూ నవలలతో పాటు భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు కూడా తెలుగులో వేసింది. వైద్యులైన ఆచంట లక్ష్మీపతిగారు దానికి రాసిచ్చారు. (1946లో మద్రాసు రాష్ట్రంలో మంత్రి అయిన రుక్మిణీ లక్ష్మీపతి ఆయన ఇల్లాలే.) ఆ పుస్తకాలు పట్టణాల్లో పఠనమందిరాలకు చేరాయి. అడవి అంచుకు చేరడానికి దారేదీ?

అడవికి పుస్తకం రాలేదు గానీ, సైన్సు తెలిసినవాళ్ళు మాత్రం చాలా ముందే వచ్చారు. గోదావరిలో ఎగువదాకా పడవలు నడపాలని ఇంగ్లీషు ఇంజనీర్లు దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట కట్టారు. ఖర్చు తడిసి మోపెడై 1871లో ఆ పథకం మానుకొన్నారు. సరిగ్గా ఆ ఏడే భూగర్భశాఖకు చెందిన డాక్టరు విలియం కింగ్ ఇల్లందు దగ్గర రాక్షసి బొగ్గు ఉందని కనుగొన్నాడు. 1886లో కంపెనీ, 1889లో తవ్వకాలు. అదే తరువాత 1920లో సింగరేణి కాలరీస్ అయింది.

ఆ బొగ్గు పుట్టి పాతిక కోట్ల ఏళ్ళు దాటింది. అది ఉన్న రాళ్ళకు 1870ల్లో మెడ్లికాట్ అనే మరో భూగర్భ పండితుడు "గోండ్వానా" అని పేరు పెట్టాడు, గోండుల దేశమని. ఆ రాళ్ళలో గ్లాసోప్టెరిస్ అనే మొక్క ఆకు అచ్చులు దొరుకుతాయి. నాలుకలా ఉండే ఆకు. అదే ఆకు ఆఫ్రికాలో ఉంది, ఆస్ట్రేలియాలో ఉంది, దక్షిణ అమెరికాలో ఉంది. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ మంచులో ప్రాణాలు వదిలిన కెప్టెన్ స్కాటు బృందం, ఆకలితో నడవలేక నడుస్తూ కూడా పారెయ్యని పదహారు కిలోల రాళ్ళలో కూడా అదే ఆకు! ఈ ఖండాలన్నీ ఒకప్పుడు ఒకే నేలగా ఉండేవనడానికి అది పెద్ద సాక్ష్యం. ఆ పాత నేలకే 1885లో సూయెస్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు గోండ్వానా ల్యాండ్ అన్నాడు.

మన కోయలు ఆ గోండులకు దగ్గరి చుట్టాలు, భాష కూడా ఆ కుటుంబానిదే. లోకంలో ఎక్కడ భూగోళం చదివే పిల్లయినా వాళ్ళ జాతి పేరు పలకకుండా పాఠం పూర్తి చెయ్యదు. ఇల్లందు అడవిలో బొగ్గు మీద ఇల్లు కట్టుకొన్న కోయపిల్లకు ఆ సంగతి ఎవరైనా చెప్పారా అన్నదే నా బాధ.

చెప్పాలంటే భాష కావాలి. కోయలో "ఏరు" అంటే నీళ్ళు. మనకు ఏరు అంటే వాగు. "నీరు వేడెక్కితే ఆవిరవుతుంది" అని మాస్టారు చెబితే, ఒకటో తరగతిలో కూర్చున్న కోయపిల్ల ఆ నీరేమిటో తెలుసుకొనేసరికి పాఠం అయిపోతుంది. ఆదిలాబాదు మార్లవాయిలో 1940ల్లోనే హైమన్‌డార్ఫ్ దంపతుల పూనికతో గోండు టీచర్లను తయారు చేసి, గోండీలో వాచకాలు వేశారు. ఆయన భార్య బెట్టీ సమాధి ఈనాటికీ ఆ ఊళ్ళోనే ఉంది. కోయలో ఒకటో తరగతి వాచకాలు, తెలుగు లిపిలో, ప్రభుత్వ కార్యక్రమంగా వచ్చేసరికి 2004 అయింది. చిన్న క్లాసుల వరకే అనుకోండి, అయినా మేలే.

మధ్యలో ఏమీ జరగలేదని కాదు. ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి, గురుకులాలు వచ్చాయి, పాలేరులో నవోదయ వచ్చింది. పాల్వంచలో 1966 నుంచి థర్మల్ కరెంటు, అశ్వాపురంలో 1991 నుంచి భారజల కర్మాగారం. నేను చూసిన ఒక అడవి బడిలో మాత్రం సైన్సు సామాను బీరువాలో భద్రంగా ఉంది. తాళంచెవి బదిలీ అయిపోయిన మాస్టారి జేబులో ఉందట! ఎప్పుడు తెస్తాడని అడిగితే పిల్లలు నవ్వారు.

నన్నడిగితే ఆ ప్రాంతపు పిల్లలకు బీరువా లేకపోయినా మంచి సైన్సు సామానే ఉంది. భద్రాచలం దగ్గర గోదావరి మట్టం రోజూ కొలుస్తారు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3. ఈ అంకెలు అక్కడి ఆడవాళ్ళకు నోటికి వచ్చు, ఎందుకంటే బియ్యం డబ్బా ఏ అంకె దగ్గర అటక ఎక్కించాలో తేల్చవలసింది వాళ్ళే. ఎగువన ఎక్కడ వాన పడితే ఎన్ని గంటలకు ఇక్కడ మట్టం లేస్తుందో లెక్క కట్టమంటే, అంతకన్నా మంచి ప్రాజెక్టు ఏముంటుంది? బాలల సైన్సు కాంగ్రెసు 1993 నుంచి జరుగుతోంది. మీ ఊరి సమస్యనే తీసుకోండి అంటారు, తెలుగులో రాసినా తీసుకొంటారు. ఇన్‌స్పైర్ అవార్డు కింద కొత్త ఊహ చెప్పిన పిల్లలకు పదివేల రూపాయలు ఇస్తున్నారు. ఈ కబురు మనకు తెలిసినంత తేలిగ్గా గూడేల్లో తల్లులకు తెలియదు.

అన్నట్టు, సరిహద్దు మళ్ళీ వచ్చింది. 2014లో భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయి, దాన్ని అంటుకొనే ఉన్న ఎటపాక వంటి ఊళ్ళు పోలవరం ముంపు లెక్కలో ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. రోడ్డు ఒకటే, సంత ఒకటే, పిల్లల పుస్తకాలు మాత్రం రెండు ప్రభుత్వాలవి. ఇప్పుడు రెండు చోట్లా సర్కారు బళ్ళలో ఇంగ్లీషు మీడియం. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. మా మామగారుంటే ముసల్లస్‌కు కూడా ఒక పేజీ అడిగేవారేమో. కోయ పేజీ ఇంకా అచ్చు కాలేదు, ఆ మాట తెలిసిన టీచరమ్మ ఉన్న బళ్ళో ఆవిడే నోటితో చెబుతోంది.