తాసీలు బడుల పద్దు

బళ్ళారి జిల్లా బడులనుగూర్చి 1823లో కలెక్టరు క్యాంబెలు వ్రాసిన నివేదికను చదువరు లెరుగదగును. నేటి అనంతపురము సీమయు నాడందులోనిదే. 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. ఒక్క బడికైనను సర్కారు సాయము లేదనుటకు ఆయన సిగ్గుపడెను. పేదలు చదువుల వ్యయము భరింపజాలక, లేతచేతులు పనికి వంగగానే బిడ్డలను కూలికి పంపుచుండిరట!

1826లో గవర్నరు మన్రో తాలూకాకొక బడి నెలకొల్పి, ఉపాధ్యాయునకు నెలకు 9 రూపాయ లీయదలచెను. మరి యంతసొమ్ము పిల్లల జీతములవలన వచ్చునని ఆయన అంచనా. లోప మిచ్చటనే యున్నదని నా తలంపు. జీతమీయలేని కూలివాని బిడ్డ కా తొమ్మిది రూపాయలు చేరుటెట్లు?

1827లో మన్రో పత్తికొండలో విషూచిచే మరణించెను. 1835లో ప్రభుత్వధన మాంగ్లవిద్యకు మరలెను. మరుసటియేట తాసీలు బడులు మూతపడెను.