తిరిగొచ్చిన కథలు

పంపిన కథ తిరుగు టపాలో వచ్చిన బాధ ఎరిగినవారు మీలోనూ ఉండే ఉంటారు. ఐర్లండు రచయిత జేమ్స్ జాయిస్ సంగతి వినండి.

12 కథల 'డబ్లినర్స్' సంపుటిని ఆయన 1905లో లండనులోని గ్రాంట్ రిచర్డ్స్‌కు పంపారు. ప్రచురణకర్త సరేనన్నారు; ప్రెస్సువారే అడ్డుపడ్డారు. అసభ్యమని కేసు పెడితే అచ్చువేసినవారూ బోనెక్కాలి మరి! 1906లో రిచర్డ్స్ కూడా వెనక్కు తగ్గారు. తర్వాత డబ్లిన్‌లోని మాన్సెల్ సంస్థ ఒప్పుకుంది. అసలు దుకాణాల పేర్లున్నాయని, రాజుగారిమీద మాటలున్నాయని ఏళ్ళతరబడి నసిగింది. చివరకు 1912లో అచ్చయిన కాగితాలను సైతం ముద్రాపకుడు నాశనం చేయించాడు. జాయిస్ మళ్ళీ ఐర్లండులో అడుగుపెట్టలేదు.

ఈలోగా ఆయన ఊరుకోలేదు. సంపుటికి మరో 3 కథలు చేర్చారు. 1907లో రాసిన 'ది డెడ్' అందులోదే. మొదటిసారే అచ్చయివుంటే ఆ కథ ఆ పుస్తకంలో ఉండేది కాదు.

1914లో పుస్తకం వేసిందెవరనుకున్నారు? ఆ రిచర్డ్సే!