గోదావరి లోయలో ఆక్షేపణలు

ఆనకట్ట ఆలస్యమైనదనగానే ఎవరో అడ్డుపడిరని మన మనుకొందుము. అందు నిజము లేకపోలేదు. కాని కరీంనగరు, ఆదిలాబాదు సీమల చరిత్రను పరికించినచో ఆక్షేపణలు రెండు విధములని నాకు తోచుచున్నది. ఆ రెంటిని నేడు శ్రోతలకు మనవి చేయుదును.

పూర్వపు ఈ రెండు జిల్లాలకు గోదావరియే ఎల్ల. ఉత్తరమున ఆదిలాబాదు కొండలు, అడవులు. దక్షిణమున కరీంనగరు చెరువులు, పొలములు. కొండలలో వాన కురిసినచో వాగులు ఒక్క రాత్రిలో పొంగి నదిలో పడును. కనుక నీటిని నిలుపుట ఎంత యవసరమో, వరదకు దారి విడుచుటయు నంత యవసరము.

మొదటి విధమైన ఆక్షేపణ పొరుగువారిది. ఆదిలాబాదు సరిహద్దున, నిజామాబాదు జిల్లా పోచంపాడు వద్ద, 1963 జూలై 26న నెహ్రూగారు జలాశయమునకు శంకుస్థాపన చేసిరి. నీటిలో మా పాలెంత, ముంపునకు బాధ్యు లెవరని ఎగువ రాష్ట్రము ప్రశ్నించినది. తన ఊరు మునుగునన్నవాడు అడుగుట తప్పు కాదు. గోదావరి తగవులు తీర్చుటకు 1969లో బచావత్ న్యాయమూర్తి అధ్యక్షతన న్యాయస్థానము ఏర్పడెను. 1975లో ఆంధ్ర, మహారాష్ట్రములు ఒడంబడినవి. తుది తీర్పు 1980లో వెలువడెను. దిగువనున్న ఇచ్చంపల్లి విషయమున 1978లోనే మూడు రాష్ట్రములు అంగీకారమునకు వచ్చినను, అడవులు, పల్లెలు మునుగునను చిక్కు తీరలేదు. ఆ కట్టడము నేటికిని లేదు.

హైదరాబాదు సంగతి వేరు. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరమును ముంచగా, మరుసటి యేడే విశ్వేశ్వరయ్యగారిని రప్పించిరి. ఉస్మాన్ సాగరు 1920లోను, హిమాయత్ సాగరు 1927లోను పూర్తియైనవి. అచట ఎగువయు దిగువయు ఒక్క ప్రభుత్వమువే. గోదావరికి అట్టి భాగ్యము లేదు.

రెండవ విధమైన ఆక్షేపణ నదిది. హైదరాబాదు రాజ్యకాలమున, 1949లో, ఆదిలాబాదు జిల్లా కడెము నదిపై పని మొదలైనది. 1958 ఆగస్టులో సెకనుకు 5 లక్షల ఘనపుటడుగులకు మించిన వరద వచ్చెను. తలుపులన్నియు ఎత్తినను నీరు కట్టపై మూరెడెత్తున పొర్లెను. ఎడమ గట్టున సుమారు 450 అడుగుల గండి పడెను. ఇంత నీరు వచ్చినచో ఏ దారిని పోవలెనను ప్రశ్నకు కాగితముపై చాలినంత జవాబు లేదు. పిమ్మట మరి తొమ్మిది తలుపులు చేర్చి 1965 నాటికి పని ముగించిరి.

ఐనను 1995లో మరల గండి పడెను. 2022 జూలైలో దాదాపు 5 లక్షల ఘనపుటడుగుల వరద వచ్చినపుడు, పదునెనిమిది తలుపులలో ఒకటి లేవలేదు. దిగువ పల్లెలవారిని ఇండ్లు విడిపించి తరలించిరి. కట్ట నిలిచినది, అది మన లెక్క గొప్పదనము కాదు, అదృష్టము. మరుసటి జూలైలోను అదే భయము కలిగెను.

ఈ రెండు చరిత్రలను ప్రక్కప్రక్కన నుంచినపుడు నా కొక్కటి కానవచ్చుచున్నది. పొరుగువారి ఆక్షేపణకు న్యాయస్థానము కలదు, వకీళ్లు కలరు, పదునొకండేండ్ల విచారణ కలదు. నది ఆక్షేపణకు వకీలు లేడు. మొదటిది పనిని ఆలస్యము చేయును. రెండవది వినకున్న పనినే కొట్టుకొనిపోవును.

కావున ఆక్షేపణల నణచివేయవలెనని నే ననను. వాటిని ముందుగా, గడువు పెట్టి వినవలెను. ముంపు పల్లెవాని మాటతోపాటు దిగువ పల్లెవాని ప్రశ్నను గూడ పునాదిరాయికి ముందే అడిగించవలెను: ఎన్నడును చూడని వరద వచ్చినచో నీటికి దారి యేది? తగవులకు వాయిదా లుండవచ్చును. శ్రావణమాసపు వానకు వాయిదా లేదు.