చూసినది, విన్నది, చదివినది

సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగినప్పుడు టెలిఫోన్ల గురించి రాస్తానన్నాను. ముప్పై ఏళ్ళకు పైగా నాకు కూడు పెట్టిన పని అది. తీరా రాయడానికి కూర్చుంటే ఆలోచన అక్కడ ఆగలేదు. నేరుగా మన బడి వరండాకు, హెడ్మాస్టరు గది పక్కన వేలాడే గోడపత్రిక దగ్గరికి పోయింది.

నేను ఆరు నుంచి పది వరకు, అంటే 1980 నుంచి 1985 దాకా, మన బడిలో చదివాను. పాత ప్లైవుడ్ బోర్డు మీద మైదాపిండి జిగురుతో అతికించిన డ్రాయింగ్ షీటే మన గోడపత్రిక. శనివారం శనివారం మారేది. దాన్ని చూసుకునేది సోషల్ అయ్యవారు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. ప్రతి వార్త కింద కుండలీకరణాల్లో మూడు మాటల్లో ఏదో ఒకటి రాయాలి: చూసినది, విన్నది, చదివినది. విన్నదైతే ఎవరి దగ్గర విన్నావో చెప్పాలి. చదివినదైతే ఏ పత్రిక, ఏ తేదీ చెప్పాలి.

ఏడో తరగతిలో నేను తలకోన అడవిలో పెద్దపులి కనిపించిందని రాసుకుపోయాను. అయ్యవారు కాగితం చూసి అడిగారు.

"ఎవురు చెప్పినార్రా?"

"మా బెంచీ వాడు సార్."

"వానికి?"

"వాళ్ళ మామ సార్."

"వాళ్ళ మామకు?"

"బస్సు కండక్టరు సార్."

"అట్లయితే ఆ కండక్టరు యాడ చూసినాడో కనుక్కో. వచ్చే శనివారం వేద్దాం."

ఆ వార్త ఇప్పటికీ అచ్చు కాలేదు.

అప్పట్లో అది చాదస్తం అనిపించేది. ఆ చాదస్తం వెనుక 1979 ఉందని చాలా ఏళ్ళ తరువాత ఆయనే చెప్పారు. ఆ ఏడాది మార్చి 22న జయప్రకాశ్ నారాయణ్ చనిపోయారని సాక్షాత్తూ ప్రధాని మొరార్జీ దేశాయ్ లోక్‌సభలో ప్రకటించారు. సభ సంతాపం తెలిపి వాయిదా పడింది. అప్పటికి జేపీ బొంబాయి ఆసుపత్రిలో ప్రాణాలతోనే ఉన్నారు. ఆయన కన్నుమూసింది అక్టోబరు 8న, ఆరున్నర నెలల తరువాత. "ఢిల్లీ చెప్పినా సరే, ఎవరు చూసినారని అడగాల" అనేవారు అయ్యవారు.

ఆ జూలైలో వచ్చిన స్కైలాబ్ భయం మన వయసు వాళ్ళందరికీ గుర్తుండాలి. డెబ్బై ఏడు టన్నుల అమెరికా అంతరిక్ష కేంద్రం కక్ష్య తప్పి పడబోతోందన్న వార్త నిజమే. ఎక్కడ పడుతుందో నాసాకే తెలియదన్నదీ నిజమే. చిత్తూరు పక్కన మా పల్లెకు చేరేసరికి అది సరిగ్గా మా పల్లె మీదే పడుతుందని తేలింది. తొమ్మిదేళ్ళ నేను చూసినవి రాస్తున్నాను. ఉన్న రెండు కోళ్ళనూ మా అవ్వ ఒకే రోజు కోసింది. ఎదురింటాయన విత్తనానికి దాచిన చెనక్కాయలు వేయించి వీధిలో పిల్లలందరికీ పంచాడు. జూలై 11 దాటింది. స్కైలాబ్ ముక్కలు హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి. మా ఎదురింటాయనకు మాత్రం ఆ ఏడు విత్తనం అప్పు మిగిలింది. ఇంటర్నెట్ లేని కాలంలో, ఊరికి ఒకటో రెండో రేడియోలున్న కాలంలో ఇదంతా జరిగింది. పుకారుకు తీగ అక్కరలేదని నేను నేర్చుకున్న మొదటి పాఠం అది.

మన చిన్నప్పుడు వార్త వచ్చే దారులు కొన్నే. పోస్టాఫీసులో లైసెన్సు కట్టి పెట్టుకున్న రేడియో ఒకటి. కడప ఆకాశవాణి 1963 నుంచే ఉంది. సినిమా పాటలకు రేడియో సిలోన్, అందులో మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు. బజారులో టీ అంగట్లో ఒక దినపత్రిక. దాన్ని నాలుగు ముక్కలు చేసి నలుగురు చదివేవారు. సినిమా పేజీ దొరికినవాడు అదృష్టవంతుడు. టీవీ అంటే మనకు మొదట మద్రాసే. 1975లో మొదలైన మద్రాసు దూరదర్శన్ కోసం చిత్తూరులో మిద్దెల మీద ఇనుప పైపులకు యాంటెన్నా కట్టి, బూస్టరు తగిలించేవారు. ఒకడు మిద్దె మీద తిప్పుతుంటే, ఒకడు కింద నుంచి "వచ్చె, వచ్చె, పోయె" అని అరిచేవాడు. శుక్రవారం రాత్రి 'ఒళియుమ్ ఒలియుమ్' పాటలు చూసే మనకు తమిళం బడిలో ఎవరూ నేర్పలేదు.

1984 అక్టోబరు 31, బుధవారం. నేను పదో తరగతి. ఇందిరా గాంధీ మీద కాల్పులు జరిగింది ఉదయం తొమ్మిదిన్నర లోపే. ఆకాశవాణి మరణవార్త ప్రకటించింది సాయంత్రం ఆరు గంటలకు. ఈలోగా బీబీసీ చెప్పేసింది. మధ్యాహ్నం బడి వదిలేశారు. పిల్లలు గుంపులుగా నిలబడితే, అయ్యవారు గోడపత్రిక మీద ఒక చిన్న కాగితం అతికించారు. "ప్రధానమంత్రి మరణించినట్లు బీబీసీ తెలిపింది (విన్నది)." మరుసటి రోజు పత్రిక వచ్చాక దాని కింద ఇంకో కాగితం చేరింది, (చదివినది) అని. మొదటిదాన్ని ఆయన చించలేదు. మనకు ఏది ఎప్పుడు ఎంతవరకు తెలుసో కూడా చరిత్రే అన్నారు.

ఇంటర్ తరువాత తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ చదివాను. హాస్టల్లో ఆదివారం ఉదయం రామాయణం, తరువాత మహాభారతం. ఒక్క టీవీ ముందు రెండు వందల మంది. కరెంటు పోతే అందరం కలిసి తిట్టుకునేవాళ్ళం. అందరూ ఒకటే చూసిన చివరి కాలం అది అనుకుంటాను.

నేను ఉద్యోగంలో చేరేసరికి సి-డాట్ వారి 128 లైన్ల ఎక్స్ఛేంజిలు పల్లెలకు వస్తున్నాయి. మన ఎండకు, దుమ్ముకు తట్టుకుని ఏసీ లేకుండా పనిచేసేటట్లు మన ఇంజనీర్లే తయారు చేసిన యంత్రం అది. ట్రంక్ కాల్ బుక్ చేసి గంటలు గంటలు కాచుకున్న ఊళ్ళలో పసుపు బోర్డుల ఎస్టీడీ బూతులు వెలిశాయి. దూరం తగ్గింది కాబట్టి ఇక అబద్ధమూ తగ్గుతుందని నేను నిజంగానే నమ్మాను. ఒక్క ఫోన్ చేస్తే నిజం తెలిసిపోతుంది గదా! 1995 సెప్టెంబరు 21న ఆ నమ్మకం పోయింది. వినాయకుడు పాలు తాగుతున్నాడన్న మాట తెల్లవారి ఢిల్లీలో పుడితే, మధ్యాహ్నానికి దేశమంతా తిరిగింది. మోసుకుపోయింది నేను వేసిన లైన్లే. ఆ రోజు ఒక్క లైనూ ఖాళీ లేదు. చెంచా అంచున పాలు రాతికి తగిలితే తలతన్యత వల్ల జారి రాతి మీద పలచగా పారతాయని శాస్త్రవేత్తలు పాలకు రంగు కలిపి చూపించారు. ఆ వివరణ చెప్పడానికి ఎవరూ ఎస్టీడీ చేయలేదు.

దానికి నెల ముందే, ఆ ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో ఇంటర్నెట్‌ను సామాన్యులకు తెరిచింది. నేను మద్రాసులో ఉన్నాను. మోడెం కీచుమంటూ పలకడం, మధ్యలో తెగడం, మళ్ళీ డయల్ చేయడం. అప్పటి 14.4 కిలోబిట్ల వేగంతో, ఈనాడు మనం గ్రూపులో పెట్టే మూడు మెగాబైట్ల 'శుభోదయం' బొమ్మ ఒకటి దిగడానికి లెక్క ప్రకారం ఇరవై ఎనిమిది నిమిషాలు పట్టేది. అంత ఖరీదైన శుభోదయాలు ఎవరూ చెప్పుకునేవాళ్ళు కాదు.

ఆ తెర మీద తెలుగు చూసిన రోజు మరచిపోలేను. అమెరికాలోని మన విద్యార్థులు తెలుగుకోసం ఒక చర్చావేదిక నడుపుకుంటున్నారు. తెలుగు లిపి లేదు. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తయారు చేసిన పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసేవారు. చిన్న 'ఎన్' అయితే న, పెద్ద 'ఎన్' అయితే ణ. కూడబలుక్కుని చదువుతుంటే మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చున్నట్లుండేది. తెలుగుకు 1991లోనే యూనికోడ్‌లో 128 గడులు కేటాయించారు గానీ, మామూలు కంప్యూటరులో అవి కనిపించడానికి పదేళ్ళు పట్టింది. అంతవరకు ఏ పత్రిక సైటు చూడాలంటే ఆ పత్రిక ఫాంటు దించుకోవాల్సిందే. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. అందులో ఏ వాక్యం రాసినా 'ఆధారం చూపండి' అని అడుగుతారు. నాకు ఆ మాట చూడగానే నవ్వొచ్చింది. మన అయ్యవారి కుండలీకరణం అక్కడుంది.

మన సంఘమూ ఈ దారిలోనే వచ్చింది. మొదట్లో సమావేశానికి పదిహేను పైసల పోస్టుకార్డు వచ్చేది. తరువాత ఫోన్లు, తరువాత ఈమెయిలు, ఇప్పుడు వాట్సాప్ గ్రూపు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక గ్రూపులో ఊరు, విదేశం తేడా పోయింది. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న ఫార్వర్డులు మన గ్రూపులోనూ వచ్చాయి. ఆ నెలలోనే, మనకు పక్కనున్న తిరువణ్ణామలై జిల్లాలో, కులదైవం గుడికి పోతూ దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన ఒక పెద్దావిడను జనం కొట్టి చంపేశారు. ఆ జూలైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదుగురికి మించి పంపకుండా కట్టడి చేసింది. స్కైలాబ్ కాలంలో మా ఎదురింటాయన నష్టపోయింది విత్తనాలు.

ఇక నా తప్పు రాయాలి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

2021 మే, కరోనా రెండో అల. రాత్రి పదకొండు గంటలకు ఒక గ్రూపులో సోషల్ అయ్యవారు పోయారని వచ్చింది. పేరు, ఇంటిపేరు సరిపోయాయి. ఆ రోజుల్లో ప్రతి రాత్రీ ఎవరో ఒకరు పోతున్నారు కాబట్టి అనుమానం రాలేదు. కళ్ళనీళ్ళతో గోడపత్రిక గురించి ఒక పేరా రాసి మూడు గ్రూపులకు పంపాను. ఎవరు చెప్పారని అడగలేదు. ఆయన గురించి రాస్తూనే ఆయన చెప్పింది మరిచాను.

పోయింది అదే పేరున్న వేరే ఊరి మాష్టారు. పొద్దున ఆరింటికి అయ్యవారు ఫోన్ చేశారు. "ఏం నాయనా, ఎవురు చెప్పినారు నీకు?" నేను నవ్వబోయాను. ఆయన నవ్వలేదు. విదేశంలో ఉన్న కూతురికి నా పేరా ఎవరో పంపారట. ఈయన రాత్రి ఫోన్ ఆపి పడుకునే అలవాటు. ఆ పాప ఏడు గంటలపాటు నాయన లేడనుకుని, విమానాలు లేని కాలంలో, ఒక్కతే కూర్చుంది. "నాకేం కాలేదులే. పాపకు ఒకసారి ఫోన్ చేసి చెప్పు" అన్నారు. చేశాను. ఆమె ఒక్క మాటా అనలేదు. అదే ఎక్కువ కష్టంగా ఉండింది.

రెండేళ్ళ తరువాత అయ్యవారు నిజంగా పోయారు. వార్త గ్రూపులో ఉదయం ఎనిమిదికి వచ్చింది. కింద వరుసగా "నిజమేనా?", "కన్ఫర్మ్ చేయండి", "పోయినసారి కూడా ఇట్లే అన్నారు" అని సందేశాలు. మధ్యాహ్నం దాకా అదే. ఈసారి నేను ఫోన్ చేసి కనుక్కుని బయలుదేరాను. నాలుగు వేల మందికి పాఠం చెప్పిన మనిషి దగ్గర ఆ సాయంత్రం మన బడి పిల్లలం పదకొండు మందిమి. మిగతావాళ్ళు రాకపోవడానికి వాళ్ళను తప్పుపట్టలేను. వాళ్ళ నమ్మకాన్ని రెండేళ్ళ ముందే ఖర్చు పెట్టింది నేను.

మా అబ్బాయికి ఇదంతా చెబితే, "మీ కాలంలో అన్నీ నిజాలే వచ్చేవా నాన్నా?" అన్నాడు. రాలేదు. జేపీ విషయం, స్కైలాబ్ విషయం వాడికి చెప్పాను. మనకున్న తేడా ఒక్కటే. మనకు గోడపత్రిక ముందు ఒక మనిషి నిలబడి అడిగేవాడు. ఇప్పుడు ఎవరి బోర్డు ముందు వాళ్ళే నిలబడి అడుక్కోవాలి.

సంఘానికి నా మనవి చిన్నది. మన గ్రూపులో చావు, జబ్బు, చందా, ఈ మూడింటి గురించి ఏది పెట్టినా కింద కుండలీకరణాల్లో ఆ పాత మూడు మాటల్లో ఒకటి రాద్దాం. ముందు ఆ ఇంటికి ఒక ఫోన్, తరువాతే ఫార్వర్డు. రెండోది, పాత గోడపత్రిక షీట్లు ఎవరి ఇళ్ళలోనైనా ఉంటే ఫొటో తీసి పంపండి. మన పేర్లు, మన తప్పులు అట్లాగే ఉంచి భద్రపరుద్దాం.

స్కైలాబ్ భయం, గోడపత్రిక, పాల రోజు లైన్లు, ఆ సాయంత్రం పదకొండు మంది: చూసినవి. ఆ పాప కూర్చున్న ఏడు గంటలు: అయ్యవారి దగ్గర విన్నది. జేపీ వార్త, యూనికోడ్ లెక్కలు, తిరువణ్ణామలై సంగతి: చదివినవి. తలకోన పులి సంగతి ఇంకా తేలలేదు.